ఇంటిల్లిపాదీ చూసే గుర్రాల సినిమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గుర్రాలు కనిపించే సినిమాలు వేలల్లో ఉన్నాయి. కౌబాయ్ సినిమాలన్నిట్లోనూ గుర్రాలే, కానీ అక్కడ అవి బండ్లలాంటివి. ఎక్కడం, దిగడం, కట్టేయడం, అంతే. ఇక్కడ మాట్లాడుకునేది గుర్రమే కథకు కేంద్రమైన సినిమాల గురించి, దాన్ని ప్రాణంగా చూసుకునే మనుషుల గురించి. కొన్నిటి ముగింపులు మధ్యలో బయటపడతాయి. పిల్లలతో చూసేవాళ్లకు ముగింపు ముందే తెలియడం మంచిదే కాబట్టి దాచలేదు.

ఒక్క సినిమానే చూడాలంటే ఏది చూడాలి?

‘ది బ్లాక్ స్టాలియన్’ (1979). దీనికి రెండో ఆలోచన లేదు.

కథ 1946లో జరుగుతుంది. ఓడ మునిగిపోతుంది. ఆలెక్ అనే అబ్బాయి, అదే ఓడలో బంధించి తీసుకెళ్తున్న నల్ల అరబ్బీ గుర్రం, ఇద్దరూ మనుషులు లేని ఓ దీవికి కొట్టుకొస్తారు. అక్కణ్ణుంచి చాలాసేపు సినిమాలో మాటలుండవు. పిల్లవాడు తాళ్లలో చిక్కుకున్న గుర్రాన్ని విడిపిస్తాడు. అది పారిపోతుంది. సముద్రపు నాచు తెచ్చి పెట్టి దూరంగా వెళ్లి కూర్చుంటాడు. అది వస్తుంది, వెనక్కి తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ‘మేమిద్దరం ఇప్పుడు స్నేహితులం’ అని చెప్పే డైలాగ్ ఒక్కటీ లేదు, చెప్పాల్సిన అవసరమూ రాదు. జీనూ కళ్లెమూ లేకుండా అలల అంచున దౌడు తీసే ఘట్టం వచ్చేసరికి, అది ఎలా సాధ్యమైందో మనం ఒక్కో అడుగూ చూసే ఉంటాం.

దర్శకుడు కారల్ బల్లార్డ్, ఛాయాగ్రాహకుడు కేలబ్ డెషానెల్. దీవి సన్నివేశాలు ఇటలీకి చెందిన సార్డీనియాలో తీశారు. ఆలెక్‌గా వేసిన కెల్లీ రీనో కొలరాడోలో పశువుల మధ్య పెరిగిన కుర్రాడు. గుర్రం మీద వాడు కూర్చునే తీరులో నటన కనిపించకపోవడానికి కారణం అదే. వాల్టర్ ఫార్లీ 1941లో రాసిన నవల దీనికి ఆధారం.

రెండో సగం ఊళ్లోకి, పందేల్లోకి వెళ్తుంది. బాగానే ఉంటుంది గానీ, అలాంటివి వేరేవీ ఉన్నాయి. మొదటి సగంలాంటిది మాత్రం ఇంకెక్కడా లేదు.

ఇంగ్లీషు రాని, సబ్‌టైటిల్స్ చదవలేని చిన్నపిల్లలకు?

పైన చెప్పిందే మొదటి సగం వరకు సరిపోతుంది. ఇంకోటి ఫ్రెంచి సినిమా, ‘క్రాన్ బ్లాన్’ (1953). నిడివి 40 నిమిషాలు. ఫ్రాన్స్ దక్షిణాన కామార్గ్ అనే చిత్తడి ప్రాంతంలో తెల్లగుర్రాలు గుంపులుగా తిరుగుతాయి. వాటిలో ఎవరికీ లొంగనిదాన్ని ఫోల్కో అనే జాలరి కుర్రాడు మచ్చిక చేసుకుంటాడు. ఆల్బేర్ లామోరిస్ తీశాడు. కాన్ సినిమా ఉత్సవంలో లఘుచిత్రాల బహుమతి గెలిచింది. నలుపు తెలుపుల్లో ఇంత అందమైన గుర్రాల సినిమా ఇంకోటి చూడలేదు.

రెండు హెచ్చరికలు. రెండు మగగుర్రాలు కొట్టుకునే ఘట్టం నిజంగా మోటుగా ఉంటుంది. ముగింపులో తరుముతున్న మనుషులకు చిక్కకుండా పిల్లవాడూ గుర్రమూ నీళ్లలోకి వెళ్లిపోతారు. గుర్రాలూ మనుషులూ ఎప్పటికీ స్నేహంగా ఉండే చోటికి వెళ్లారని వెనక నుంచి గొంతు చెబుతుంది. పిల్లలు దాన్ని అలాగే తీసుకుంటారు. పెద్దవాళ్లకు వేరేది అర్థమవుతుంది. ఎవరికి అర్థమైంది వాళ్లకే వదిలేయండి.

చివర్లో గుర్రం చచ్చిపోతుందా? అది ముందే చెప్పండి.

అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. బతికేవి: ‘ది బ్లాక్ స్టాలియన్’, ‘నేషనల్ వెల్వెట్’, 1943 నాటి ‘మై ఫ్రెండ్ ఫ్లికా’, ‘సీబిస్కట్’, ‘సెక్రటేరియట్’, ‘వార్ హార్స్’. చివరిదాంట్లో ప్రధాన గుర్రం జోయీ బతుకుతుంది, దాని నేస్తం బతకదు. ‘బ్లాక్ బ్యూటీ’లో కూడా అంతే. కథ చెప్పే గుర్రం క్షేమంగా ఇల్లు చేరుతుంది, జింజర్ అనే ఆడగుర్రం చేరదు. ‘ఫార్ లాప్’లో గుర్రం చనిపోతుంది, అది చరిత్ర. ‘ది రెడ్ పోనీ’ (1949) పేరు చూసి పసిపిల్లల సినిమా అనుకోవద్దు. స్టైన్‌బెక్ రాసింది, పిల్లవాడి గుర్రప్పిల్ల జబ్బుచేసి పోతుంది, రాబందుల ఘట్టం చాలామంది పెద్దవాళ్లే మర్చిపోలేరు.

ఏ వయసు వాళ్లకు ఏవి?

నా లెక్కలో ఐదారేళ్ల వాళ్లకు ‘స్పిరిట్’ (2002) అనే యానిమేషన్ సినిమా, ‘మిస్టీ’ (1961). ఏడెనిమిది దాటితే ‘నేషనల్ వెల్వెట్’, ‘మై ఫ్రెండ్ ఫ్లికా’. ‘ది బ్లాక్ స్టాలియన్’ కూడా ఆ వయసుకే, కానీ ఓడ మునిగే ఘట్టంలో పక్కన కూర్చోండి. ఆ తుఫానూ మంటలూ చాలా నిజంలా ఉంటాయి, తండ్రి పోయేది అక్కడే. పదేళ్లు దాటాక ‘బ్లాక్ బ్యూటీ’, ‘ఇంటు ది వెస్ట్’. ‘సీబిస్కట్’, ‘వార్ హార్స్’ పన్నెండు పదమూడేళ్ల వాళ్లకు. ‘ది హార్స్ విస్పరర్’ (1998) పోస్టర్ చూసి పిల్లలకు పెట్టేవాళ్లున్నారు. మొదటి పావుగంటలోనే ఘోరమైన ప్రమాదం ఉంది, తర్వాతంతా పెద్దల కథ. టీనేజీ దాకా ఆగండి.

‘నేషనల్ వెల్వెట్’ ఇప్పటికీ చూడదగ్గదేనా? మరీ పాతది కదా.

1944 నాటిది. రంగులు మిఠాయి రంగుల్లా ఉంటాయి, ఇంగ్లండ్ పల్లె అని చూపించేది కాలిఫోర్నియాలో తీసిందే. అయినా చూడండి, ముఖ్యంగా తల్లి కోసం.

వెల్వెట్ బ్రౌన్ అనే పన్నెండేళ్ల పిల్ల లాటరీలో ఓ మొండి గుర్రాన్ని గెలుస్తుంది. దాన్ని ఇంగ్లండ్‌లోకెల్లా కష్టమైన గ్రాండ్ నేషనల్ పందెంలో దించాలని పట్టుబడుతుంది. ఎలిజబెత్ టేలర్‌ను స్టార్‌ని చేసింది ఈ సినిమానే. ఆమె ముఖంలో ఆ గుర్రప్పిచ్చి చూస్తే, మీ ఇంట్లో పిల్లలకు ఆ వయసులో ఏదైనా పిచ్చి ఉంటే వెంటనే గుర్తుపడతారు. ఇలాంటి కథలో తల్లిదండ్రులు సాధారణంగా అడ్డుపడతారు. ఇక్కడ తండ్రి అలాంటివాడే. తల్లి మాత్రం వేరు. ఆమె ఒకప్పుడు ఇంగ్లిష్ ఛానల్ ఈదిన మనిషి. ఆ బహుమతి డబ్బు, వంద బంగారు నాణేలు, ఇన్నేళ్లుగా ముట్టుకోకుండా దాచింది. గుర్రాన్ని పోటీకి పెట్టే రుసుముకు వాటిని తీసి కూతురి చేతిలో పెడుతుంది. జీవితంలో ఒక్కసారైనా అలాంటి వెర్రిసాహసం చేసే హక్కు ప్రతి మనిషికీ ఉందని ఆమె నమ్మకం. పైగా దేనికైనా ఓ సమయం ఉంటుందనీ, అది అయిపోయాక తర్వాతి పనికి వెళ్లాలనీ కూడా చెబుతుంది. ఈ పాత్ర వేసిన ఆన్ రెవీర్‌కు ఉత్తమ సహాయనటి ఆస్కార్ వచ్చింది. నా దృష్టిలో సినిమా ఆమెదే.

పందెం ముగింపు కూడా చూడండి. మగవేషంలో స్వారీ చేసిన వెల్వెట్ మొదట వస్తుంది, గీత దాటాక పడిపోతుంది, నిబంధన ప్రకారం గెలుపు రద్దవుతుంది. ఆమెకు బాధ లేదు. తన గుర్రం పరుగెత్తగలదని తనకు తెలిసింది, చాలు. ఆ తర్వాత సినిమాల్లో చూపిస్తామని వచ్చిన బోలెడు డబ్బునూ వద్దంటుంది. తాను ఎలాగో సర్దుకోగలదు గానీ, జనం అలా తేరిపార చూస్తుంటే గుర్రానికి ఏమర్థమవుతుందని ఆమె వాదన. గుర్రం తరఫున ఆలోచించిన హీరోయిన్ ఈమె. చాలా సినిమాలు ఆ పని చేయవు, గెలవగానే గుర్రాన్ని మర్చిపోయి కప్పు చూపిస్తాయి.

షూటింగ్ అయ్యాక ఆ గుర్రాన్ని, దాని పేరు కింగ్ చార్లెస్, స్టూడియో టేలర్‌కే ఇచ్చేసింది.

అప్పట్లో ఆడవాళ్లకు గ్రాండ్ నేషనల్‌లో నిజంగా ప్రవేశం లేదా?

లేదు. బ్రిటన్‌లో లింగవివక్ష నిషేధ చట్టం 1975లో వచ్చాకే దారి తెరుచుకుంది. 1977లో షార్లట్ బ్రూ తొలిసారి పాల్గొంది. 1982లో జెరల్డిన్ రీస్ తొలిసారి చివరిదాకా పూర్తిచేసింది. 2021లో రేచెల్ బ్లాక్‌మోర్ గెలిచింది. సినిమాలో వెల్వెట్ జుట్టు కత్తిరించుకుని మగవేషంలో మొదట వచ్చిన 77 ఏళ్లకు అన్నమాట.

నటుడు మికీ రూనీ ‘నేషనల్ వెల్వెట్’, ‘ది బ్లాక్ స్టాలియన్’ రెండిట్లోనూ ఉన్నాడా?

ఉన్నాడు. 1944లో వెల్వెట్‌కు సాయపడే కుర్ర మాజీ జాకీ (పందెపు రౌతు), 1979లో ఆలెక్‌కు స్వారీ నేర్పే ముసలి మాజీ జాకీ. రెండోదానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఒకే వారంలో రెండూ చూడండి, ఒకే మనిషి జీవితం కొనసాగినట్టే ఉంటుంది.

‘బ్లాక్ బ్యూటీ’లు చాలా ఉన్నాయి. ఏది?

1994లో కారొలిన్ థాంప్సన్ తీసినది. 1946, 1971 సినిమాలు పేరు తీసుకుని కథ చాలావరకు మార్చేశాయి. 2020 నాటిది కథను ఇప్పటి అమెరికాకు తెచ్చి, గుర్రాన్ని ఆడగుర్రం చేసింది. తప్పు కాదు గానీ అది వేరే కథ.

ఆనా సూయెల్ 1877లో ఈ నవల రాసింది పిల్లలను మురిపించడానికి కాదు, గుర్రాలతో పనిచేసేవాళ్లకు వాటి బాధ తెలియజేయడానికి. అప్పటి ధనవంతుల బండ్లకు కట్టే గుర్రాలు దర్జాగా కనబడాలని, తల దించకుండా పగ్గాన్ని పైకి బిగించి కట్టేవాళ్లు. మెడ వంచలేక, ఊపిరాడక, ఎత్తు ఎక్కేటప్పుడు బలం పెట్టలేక అవి నరకం చూసేవి. 1994 సినిమా దీన్ని బాగా చూపిస్తుంది. యజమాని మారినప్పుడల్లా గుర్రం బతుకు ఎలా మారుతుందో, మంచివాడి ఇంట్లో నిద్రపోయింది చెడ్డవాడి ఇంట్లో ఎలా లేస్తుందో, నవల ఎలా చెప్పిందో అలాగే సాగుతుంది. కథ చెప్పేది గుర్రమే, గొంతు ఆలన్ కమింగ్‌ది. సూయెల్ మాత్రం పుస్తకం అచ్చయిన కొన్ని నెలలకే, 1878లో చనిపోయింది.

‘ఫ్లికా’ పాతదా కొత్తదా?

పాతది, 1943. రాడీ మెక్‌డవెల్ వేసిన కెన్ అనే కుర్రాడికి చదువు మీద ధ్యాస ఉండదు. ఏదైనా బాధ్యత ఇస్తే బాగుపడతాడని తల్లి పట్టుబట్టి గుర్రప్పిల్లనిప్పిస్తుంది. వాడేమో పిచ్చిదని పేరుపడ్డ తల్లిగుర్రం పిల్లనే ఎంచుకుంటాడు. ముళ్లకంచెలో చిక్కుకుని దానికి గాయాలై, జ్వరమొస్తే రాత్రంతా దానితో వాగునీళ్లలో కూర్చుంటాడు. నిదానంగా సాగే సినిమా, కొండలు కనులపండుగ. మేరీ ఒహారా నవల అచ్చయిన రెండేళ్లకే తీశారు.

2006లో కెన్‌ను కేటీ అనే అమ్మాయిగా మార్చి మళ్లీ తీశారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ షూటింగ్‌లో రెండు గుర్రాలు చనిపోయాయి. ఆ సంగతి తెలిశాక నాకు మళ్లీ చూడబుద్ధి కాలేదు.

షూటింగ్‌లో గుర్రాలకు దెబ్బలు తగలవా?

పాతరోజుల్లో దారుణంగా తగిలేవి. పరుగెత్తే గుర్రం ముందుకాళ్లకు తీగ కట్టి, రెండో కొసను నేలలో పాతేవాళ్లు. తీగ నిడివి అయిపోగానే గుర్రం ముందుకు పల్టీకొట్టేది. 1936 నాటి ‘ది ఛార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్’ దీనికి అపఖ్యాతి పాలైంది. 1939లో ‘జెస్సీ జేమ్స్’ కోసం ఓ గుర్రాన్ని కొండకొమ్ము మీంచి నీళ్లలోకి తోశారు, అది చనిపోయింది. జనం మండిపడ్డారు. 1940 నుంచి అమెరికన్ హ్యూమేన్ అనే సంస్థ మనుషులు హాలీవుడ్ సెట్లకు వెళ్లి చూడటం మొదలైంది. బ్రిటన్ అంతకుముందే, 1937లో, జంతువులను హింసించి తీసిన దృశ్యాలున్న సినిమాలను చట్టంతో ఆపేసింది.

అక్కడితో కథ సుఖాంతం కాలేదు. 1960ల చివర్లో, సినిమాల్లో ఏం చూపించవచ్చో చెప్పే హాలీవుడ్ పాత నియమావళి పోయాక ఆ పర్యవేక్షణ సడలింది. 1980లో ‘హెవెన్స్ గేట్’ సినిమా మీద గొడవ జరిగాకే మళ్లీ గట్టిపడింది. సినిమా చివర వచ్చే ‘ఏ జంతువుకూ హాని జరగలేదు’ అనే వాక్యం ఆ సంస్థదే. అది ప్రధానంగా సెట్ మీద జరిగినదానికి హామీ. సెట్ బయట గుర్రాన్ని ఎలా చూసుకున్నారో ఆ వాక్యం చెప్పదు.

ఇప్పుడు గుర్రం పడిపోయే దృశ్యం కావాలంటే పడటం నేర్చిన గుర్రాన్ని తెస్తారు. మెత్తగా తవ్విన నేల మీద, రౌతు సైగ చేస్తే పక్కకు ఒరుగుతుంది. ‘వార్ హార్స్’లో ముళ్లకంచెలో చిక్కుకుని గిలగిల్లాడే గుర్రంలో కొంత భాగం యంత్రంతో నడిచే బొమ్మ. పిల్లలు ఏడిస్తే ఈ ముక్క చెప్పండి, నెమ్మదిస్తారు.

ఒకే గుర్రం మొత్తం సినిమా నటిస్తుందా?

దాదాపు ఎప్పుడూ కాదు. ఒకటి దౌడుకి, ఒకటి ఈతకి, ఒకటి ముఖం దగ్గరగా చూపించడానికి. జోయీ పాత్రకు డజనుకు పైగా గుర్రాలు పనిచేశాయి, గుర్రప్పిల్ల దశ నుంచి లెక్కేస్తే. తెల్లమచ్చలు ఒకేలా కనబడేలా రంగు వేస్తారు. ‘ది బ్లాక్ స్టాలియన్’లో ముఖ్యగుర్రం కాస్ ఓలేకి నిజానికి తెల్లమచ్చలున్నాయి, నల్లరంగు పూసి దాచారు.

సినిమా గుర్రాలు అన్నిసార్లు ఎందుకు సకిలిస్తాయి?

సౌండ్ డిపార్ట్‌మెంట్ చలవ. నిజం గుర్రం రోజులో చాలాసేపు నిశ్శబ్దంగానే ఉంటుంది. చెవులు, తోక, ముక్కుపుటాలతోనే తన సంగతి చెబుతుంది. మంచి సినిమా అయితే కెమెరా వాటి మీద ఉంటుంది. గుర్రం తెరమీదకొచ్చిన ప్రతిసారీ సకిలింపు వినిపిస్తుంటే, ఆ దర్శకుడు గుర్రాన్ని నమ్మలేదని అర్థం.

కాలు విరిగితే గుర్రాన్ని ఎందుకు చంపేస్తారు? పిల్లలకు ఏం చెప్పాలి?

నిజమే చెప్పండి. గుర్రం బరువు సుమారు 500 కిలోలు. మోకాలి కింద కండ దాదాపు ఉండదు, ఎముక, దాన్ని పట్టి ఉంచే స్నాయువులు, చర్మం మాత్రమే. రక్తసరఫరా తక్కువ, గాయం మానడం కష్టం. మనిషిలా నెలలకొద్దీ పడుకుని ఉండలేదు, అలా ఉంటే ఊపిరితిత్తులూ పేగులూ దెబ్బతింటాయి. నిలబడితే బరువంతా మిగతా కాళ్ల మీద పడి, వాటి డెక్కల లోపల వాపు మొదలవుతుంది. ఆ నొప్పి భరించలేనిది. 2006లో బార్బరో అనే పందెపుగుర్రం కాలు విరిగితే గొప్ప వైద్యులు ఆపరేషన్ చేశారు, ఎముక అతుక్కుంటోంది కూడా. డెక్కల జబ్బు వల్ల 2007 జనవరిలో దానికి నొప్పిలేని మరణం ఇవ్వాల్సి వచ్చింది.

కోలుకున్నవీ ఉన్నాయి. డకోటా ఫానింగ్ నటించిన ‘డ్రీమర్’ (2005)కు ప్రేరణ అయిన మరాయాస్ స్టార్మ్ కాలు విరిగాక మళ్లీ పరుగెత్తి గెలిచింది. పిల్లలు ఈ ప్రశ్న అడిగిన రోజున ఆ సినిమా పెట్టండి.

నిజంగా జరిగిన కథలు ఎంతవరకు నిజం?

పందేల ఫలితాలు నిజం, మనుషుల మధ్య గొడవల్లో కల్పన ఎక్కువ.

‘సీబిస్కట్’ (2003) వీటిలో మెరుగైనది. పొట్టికాళ్ల గుర్రం, ఒంటికన్ను చూపును దాచిపెట్టిన జాకీ రెడ్ పోలార్డ్, మాటల పొదుపరి ట్రైనర్ టామ్ స్మిత్, కొడుకు పోయిన యజమాని చార్లెస్ హోవర్డ్ నిజం మనుషులే. 1938 నవంబర్ 1న పిమ్లికో పందెపు మైదానంలో వార్ అడ్మిరల్ అనే గుర్రంతో జరిగిన ముఖాముఖి పందెంలో సీబిస్కట్ నాలుగు గుర్రాల పొడవంత దూరంతో గెలవడమూ నిజం. పోలార్డ్ కాలు విరిగి ఉండటంతో ఆ రోజు స్వారీ చేసిన జార్జ్ వూల్ఫ్ పాత్రను అసలు జాకీ గ్యారీ స్టీవెన్స్ వేశాడు. పందేలు అంత సహజంగా ఉండటానికి అదొక కారణం.

‘సెక్రటేరియట్’ (2010) గుర్రం మీద కంటే యజమానురాలు పెన్నీ చెనరీ మీద నడుస్తుంది. పోటీ ట్రైనర్‌ను విలన్‌లా చూపించడం అతి. కానీ 1973 బెల్మాంట్ పందెంలో 31 గుర్రాల దూరంతో, 2 నిమిషాల 24 సెకన్లలో గెలవడంలో ఏ అతిశయోక్తీ లేదు. ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. సినిమా అయ్యాక అసలు పందెం వీడియో చూడండి, అదే ఎక్కువ నమ్మశక్యం కానట్టుంటుంది.

‘ఫార్ లాప్’ (1983) ఆస్ట్రేలియా సినిమా. న్యూజిలాండ్‌లో పుట్టి, 160 గినీలకే అమ్ముడై, 1930లో మెల్బోర్న్ కప్ గెలిచి, 1932లో అమెరికాలో అంతుపట్టకుండా చనిపోయిన గుర్రం కథ. దాన్ని పసిబిడ్డలా చూసుకున్న టామీ వుడ్‌కాక్ వైపు నుంచి నడుస్తుంది. అందుకే ఇది పందెం సినిమాగా కాక ప్రేమకథగా గుర్తుంటుంది. ఫార్ లాప్ చర్మం మెల్బోర్న్ మ్యూజియంలో, గుండె కాన్‌బెర్రాలో, అస్థిపంజరం వెల్లింగ్టన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. పంచుకున్న తీరు చూస్తేనే రెండు దేశాల అభిమానం తెలుస్తుంది.

‘ది మ్యాన్ ఫ్రమ్ స్నోయీ రివర్’లో కొండ దిగే ఘట్టం నిజంగా చేశారా?

చేశారు. హీరో టామ్ బర్లిన్సన్ స్వయంగా స్వారీ చేశాడు. ఈ సినిమాకు ముందు అతనికి గుర్రపుస్వారీ రాదు కూడా. బాంజో పాటర్సన్ 1890లో రాసిన పద్యం దీనికి మూలం. కథ మామూలే, కర్క్ డగ్లస్ ద్విపాత్రాభినయం కాస్త నవ్వు తెప్పిస్తుంది. కానీ ఆ ఒక్క దిగుడు కోసం 1982 నాటి ఈ సినిమాను ఎన్నిసార్లైనా పెట్టుకోవచ్చు. పెద్ద తెర ఉంటే ఇంకా మంచిది.

ఎవరూ పెద్దగా చెప్పుకోని మంచి సినిమా ఏదైనా?

‘ఇంటు ది వెస్ట్’ (1992). ఐర్లండ్. డబ్లిన్‌లో ఎత్తైన ఫ్లాట్ల భవనంలో ఉండే తల్లిలేని ఇద్దరు అన్నదమ్ములకు ఓ తెల్లగుర్రం దొరుకుతుంది. దాన్ని లిఫ్టులో పైకి తీసుకెళ్లి ఇంట్లో పెట్టుకుంటారు. పోలీసులు లాక్కుపోతే, దాన్ని తిరిగి తెచ్చుకుని ఊరు వదిలి పడమటికి పారిపోతారు. సంచారజాతిలో పుట్టి, భార్య పోయాక ఆ జీవితాన్ని వదిలేసి తాగుడులో పడ్డ తండ్రి వాళ్లను వెతుకుతూ వెళ్తాడు. నవ్వు, దిగులు, కొంచెం మాయ.

గుర్రాలు మాట్లాడే సినిమాలు మీకు నచ్చవా?

పెద్దగా నచ్చవు. ‘స్పిరిట్’ మినహాయింపు. యానిమేషన్ అయినా అందులో గుర్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. మనసులో మాట వెనక నుంచి వినిపిస్తుంది, అది కూడా లేకపోయినా నష్టం లేదు.

ఇవన్నీ చూసి మా పాప గుర్రం కొనమంటోంది. ఏం చేయాలి?

సినిమాలు చూపించని భాగం చెప్పండి. గుర్రం పాతిక ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. రోజూ తన బరువులో దాదాపు రెండు శాతం గడ్డీ మేతా తింటుంది, బకెట్లకొద్దీ నీళ్లు తాగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి డెక్కలు చెక్కించాలి. ఒంటరిగా ఉంటే దిగులుపడుతుంది, తోడు కావాలి. అయినా ఉత్సాహం తగ్గకపోతే స్వారీ నేర్పే చోట చేర్చండి, కానీ మొదటి కొన్ని రోజులు స్వారీకి బదులు గుర్రపుశాల ఊడ్చడం, ఒళ్లు రుద్దడం నేర్పే చోటైతే మంచిది. ఆ పని కూడా ఇష్టంగా చేస్తే పిచ్చి నిజమైనదే. హెల్మెట్ విషయంలో మాత్రం పై సినిమాల్లో దేన్నీ ఆదర్శంగా తీసుకోవద్దు.